హైబ్రిడ్ కార్ బ్యాటరీ: చిన్న డబ్బా.. పెద్ద డ్యూటీ! పాతికేళ్లు దాటినా ఇంజనీర్లకు తెగని లెక్క ఇదే

పెట్రోల్ బంకుకు వెళ్తే జేబు ఖాళీ. ఈవీ కొందామంటే ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలన్న టెన్షన్. ఈ రెండింటి మధ్య ఇప్పుడు చాలామంది చూపు హైబ్రిడ్ కార్ల మీద పడింది. ప్లగ్ పెట్టే పని లేదు, మైలేజీ ఎక్కువ. వినడానికి బాగానే ఉంది. కానీ షోరూమ్‌లో అడ్వాన్స్ కట్టే ముందు దాదాపు అందరికీ వచ్చే డౌట్ ఒకటే.. "బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది? పోతే ఖర్చు ఎవరిది?"

ఈ ప్రశ్న కొనేవాళ్లనే కాదు, కంపెనీల ఇంజనీర్లను కూడా 1997 నుంచి వెంటాడుతూనే ఉంది. మొబైల్ బ్యాటరీలు మారాయి, ఈవీ బ్యాటరీలు మారాయి. హైబ్రిడ్లలో మాత్రం 1990ల నాటి నికెల్ టెక్నాలజీ ఇప్పటికీ కొత్త కార్లలో కనిపిస్తోంది. ఎందుకలా? అసలు చిక్కు ఎక్కడుంది? కొనేవాళ్లు ఏం చూసుకోవాలి? వివరంగా తెలుసుకుందాం.

హైబ్రిడ్‌లో రకాలు ఎన్ని?

అన్ని హైబ్రిడ్లూ ఒకటి కాదు. ప్రధానంగా మూడు రకాలున్నాయి.

మైల్డ్ హైబ్రిడ్: ఇందులో మోటార్ ఇంజిన్‌కు కాస్త సాయం మాత్రమే చేస్తుంది. కారును ఒంటరిగా నడపలేదు. బ్యాటరీ చాలా చిన్నది.

స్ట్రాంగ్ హైబ్రిడ్: ట్రాఫిక్‌లో, తక్కువ స్పీడ్‌లో ఇంజిన్ ఆపేసి కొంత దూరం బ్యాటరీ మీదే వెళ్తుంది. బ్రేక్ వేసినప్పుడు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు తనంతట తానే ఛార్జ్ అవుతుంది. మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ వేరియంట్లు ఈ కోవలోకే వస్తాయి.

ప్లగ్ ఇన్ హైబ్రిడ్: దీనికి పెద్ద బ్యాటరీ ఉంటుంది. ఇంట్లో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకోవచ్చు. పెట్రోల్ ఇంజిన్ కూడా ఉంటుంది.

మన రోడ్ల మీద ఎక్కువగా చర్చ నడుస్తున్నది స్ట్రాంగ్ హైబ్రిడ్ల గురించే. ఇక్కడ చెప్పుకునే కష్టాలు కూడా ఎక్కువగా వాటివే.

కరెంట్ బిల్లు లెక్కలో చూస్తే ఒక్క యూనిట్ కూడా లేదు!

హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ కెపాసిటీ 0.76 కిలోవాట్ అవర్. కిలోవాట్ అవర్ అంటే ఇంకేం కాదు, మన కరెంట్ బిల్లులో కనిపించే ఒక యూనిట్. అంటే ఈ బ్యాటరీ మొత్తంలో పట్టేది ముప్పావు యూనిట్ కరెంట్. 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్‌ను పది గంటలు తిప్పితే అయిపోయేంత!

అదే టాటా నెక్సాన్ ఈవీ 45 తీసుకుంటే బ్యాటరీ 45 యూనిట్లు. అంటే హైబ్రిడ్ కంటే దాదాపు 60 రెట్లు పెద్దది.

ఇంత చిన్న బ్యాటరీతోనే గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు లీటర్‌కు 27.97 కిలోమీటర్ల మైలేజీ ప్రకటించింది కంపెనీ. రోడ్డు మీద అంత రాకపోవచ్చు కానీ, మామూలు పెట్రోల్ కారుతో పోలిస్తే తేడా మాత్రం స్పష్టంగా ఉంటుంది. ముప్పావు యూనిట్ బ్యాటరీ అంత మైలేజీ ఎలా తెస్తోంది? అది పెద్దగా దాచుకోదు. క్షణాల్లో తీసుకుని క్షణాల్లో ఇచ్చేస్తుంది. రోజంతా అదే పని. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

బ్రేక్ వేసిన ఆ 10 సెకన్లలో ఏం జరుగుతుంది?

చిన్న లెక్క చూద్దాం. 1,500 కిలోల బరువున్న కారు 60 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తోంది. సిగ్నల్ పడింది. 10 సెకన్లలో ఆపాలి.

ఆ స్పీడ్‌లో కారుకు ఉండే శక్తి సుమారు 208 కిలోజౌల్స్. యూనిట్లలో చెప్పాలంటే 0.058 మాత్రమే. చాలా తక్కువ. కానీ అది 10 సెకన్లలోనే వచ్చి పడుతుంది. గాలి, టైర్ల రాపిడి లాంటి నష్టాలు పక్కన పెడితే సగటున దాదాపు 21 కిలోవాట్ల పవర్. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు పది ఒకేసారి ఆన్ చేసినంత!

ఇప్పుడు అసలు పాయింట్. 21 కిలోవాట్ల వేగంతో 45 యూనిట్ల ఈవీ బ్యాటరీని నింపాలంటే రెండు గంటల పైనే పడుతుంది. దానికి అది మామూలు ఛార్జింగే. అదే వేగంతో ముప్పావు యూనిట్ హైబ్రిడ్ బ్యాటరీని నింపితే? రెండు నిమిషాల్లో ఫుల్!

ఫాస్ట్ ఛార్జింగ్ ఫోన్ అరగంటలో నిండితేనే చేతికి వేడి తెలుస్తుంది. ఇక్కడ రెండు నిమిషాల వేగం. అది కూడా ప్రతి సిగ్నల్ దగ్గర, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర. సిగ్నల్ పడగానే తీసుకోవాలి, గ్రీన్ రాగానే ఇవ్వాలి. పెద్ద వాటర్ ట్యాంక్‌లో మోటార్ పైపు పెట్టి నింపడం వేరు. చెంబులో అదే పైపు పెట్టి ఒక్క చుక్క ఒలకకుండా నింపడం వేరు. హైబ్రిడ్ బ్యాటరీ చేస్తున్నది ఈ రెండో పని.

దీన్ని మెరుగుపరచడానికి చేసే ప్రతి ప్రయత్నంలోనూ ఐదు సవాళ్లు ఎదురవుతున్నాయి.

సవాల్ 1: పవర్ పెంచితే నిల్వ తగ్గుతుంది

బ్యాటరీ సెల్ లోపల పలుచని లోహపు రేకుల మీద కెమికల్ పూత ఉంటుంది. పూత మందంగా ఉంటే కరెంట్ ఎక్కువ నిల్వ ఉంటుంది. కానీ అయాన్లు ఆ మందం దాటి రావడానికి టైమ్ పడుతుంది. ఈవీ బ్యాటరీలో ఇలా ఉన్నా నడుస్తుంది.

హైబ్రిడ్‌కు అలా కుదరదు. త్వరగా రావాలి, త్వరగా పోవాలి. అందుకే పూతను పలుచగా వేస్తారు. అప్పుడు పవర్ పెరుగుతుంది. కానీ అంతే కెపాసిటీకి రేకులు ఎక్కువ కావాలి, మధ్యలో సెపరేటర్లు ఎక్కువ కావాలి. బరువు పెరుగుతుంది, నిల్వ తగ్గుతుంది, యూనిట్‌కు అయ్యే ఖర్చు ఈవీ సెల్ కంటే ఎక్కువవుతుంది.

మరి పెద్ద బ్యాటరీ పెట్టేస్తే పోదా? పెట్టొచ్చు. కానీ హైబ్రిడ్ కారు ఇప్పటికే ఇంజిన్, పెట్రోల్ ట్యాంక్, మోటార్, ఇన్వర్టర్ అన్నీ మోస్తోంది. బ్యాటరీ పెరిగితే డిక్కీలో చోటు పోతుంది, బరువు పెరిగి మైలేజీ పోతుంది, ధర పెరిగి కస్టమర్ పోతాడు.

సవాల్ 2: నిండా నింపకూడదు, ఖాళీ చేయకూడదు

ఏ బ్యాటరీ అయినా వందకు వంద నింపి, సున్నా దాకా వాడితే త్వరగా అరిగిపోతుంది. అందుకే హైబ్రిడ్‌లో కంప్యూటర్ ఛార్జ్‌ను మధ్యలోనే ఉంచుతుంది. టయోటా ప్రియస్‌లో అది సుమారు 40 నుంచి 80 శాతం మధ్య తిరిగేలా డిజైన్ చేశారు. రెండో తరం ప్రియస్ బ్యాటరీ 1.3 యూనిట్లు. అందులో నిజంగా వాడుకునేది మహా అయితే అర యూనిట్.

దీని ప్రభావం ఎలా ఉంటుందో తెలియాలంటే తిరుమల కొండ దిగే కారును ఊహించుకుంటే చాలు. కొండకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1,500 కిలోల కారు అంత ఎత్తు దిగితే వచ్చే శక్తి 2.8 యూనిట్లకు పైనే. కొంత రాపిడికి పోయినా ఇంకా చాలా మిగులుతుంది. కానీ బ్యాటరీ మొత్తం సైజే ముప్పావు యూనిట్. అందులోనూ పైన కొంచెం ఖాళీ మాత్రమే ఉంది.

కాబట్టి కొండ సగం కూడా దిగకముందే బ్యాటరీ నిండిపోవచ్చు. ఆ తర్వాత కంప్యూటర్ ఛార్జింగ్ ఆపేస్తుంది. ఘాట్ దిగుతుంటే పెట్రోల్ కాల్చకుండానే ఇంజిన్ గట్టిగా తిరిగే శబ్దం కొన్ని హైబ్రిడ్లలో అందుకే వస్తుంది. అది రిపేర్ కాదు. బ్యాటరీలో చోటు లేక, ఇంజిన్ రాపిడితో కారును అదుపు చేయడం అన్నమాట. మిగతా శక్తి బ్రేకుల్లో వేడిగా పోతుంది.

వాడుకునే శాతాన్ని కొంచెం పెంచినా మైలేజీ పెరుగుతుంది. కానీ ఆయుష్షు తగ్గుతుంది. ఎనిమిదేళ్ల వారంటీ ఇచ్చిన కంపెనీ ఆ రిస్క్ తీసుకోవడం కష్టం.

ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాటరీలో ఎంత ఛార్జ్ ఉందో కొలవడమే ఒక సవాల్. ఫోన్ అయితే అప్పుడప్పుడు ఫుల్ అవుతుంది కాబట్టి లెక్క సరిచేసుకోవచ్చు. హైబ్రిడ్ ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. వోల్టేజ్, కరెంట్, టెంపరేచర్ చూసి కంప్యూటర్ అంచనా వేయాలి. అంచనా తప్పితే అటు మైలేజీ పోతుంది, లేదంటే ఇటు బ్యాటరీ ఆయుష్షు పోతుంది.

సవాల్ 3: ఎండ.. బ్యాటరీకి అసలు శత్రువు

మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఎండలో పార్క్ చేసిన కారు లోపల వేడి బయటికంటే ఎక్కువ. బ్యాటరీ పనిచేసేటప్పుడు పుట్టే వేడి దానికి అదనం.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగం అవుతుందని ఇంజనీర్లు ఒక ఉజ్జాయింపు లెక్క వాడతారు. కెమిస్ట్రీని బట్టి ఇది మారుతుంది కానీ, వేడికి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుందన్నది మాత్రం ఖాయం.

ఈవీల్లో చాలావాటికి లిక్విడ్ కూలింగ్ ఉంటుంది. చిన్న హైబ్రిడ్ బ్యాటరీకి అంత ఖర్చు పెట్టడం కష్టం. అందుకే చాలా స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఒక ఫ్యాన్ పెట్టి, క్యాబిన్‌లోని ఏసీ గాలినే బ్యాటరీకి పంపిస్తారు. వెనుక సీటు పక్కనో, కిందో జాలీలా కనిపించేది అదే. దాని మీద బ్యాగ్ పెట్టినా, లోపల ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయినా బ్యాటరీకి ఊపిరాడదు.

చలి ఇంకో రకం సమస్య. బాగా చల్లగా ఉన్నప్పుడు లిథియం బ్యాటరీని వేగంగా ఛార్జ్ చేస్తే, లిథియం లోపలికి ఇంకకుండా గ్రాఫైట్ మీద లోహంగా పేరుకుంటుంది. దాంతో కెపాసిటీ తగ్గుతుంది, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే చలిలో కంప్యూటర్ ఛార్జింగ్ వేగం తగ్గించేస్తుంది. క్యాబిన్ హీటర్ కోసం ఇంజిన్ కూడా ఎక్కువసేపు నడుస్తుంది. అమెరికా, కెనడాల్లో హైబ్రిడ్లు నడిపే మనవాళ్లకు చలికాలం మైలేజీ ఎందుకు పడిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కంపెనీ మాత్రం రామగుండం ఎండకూ, కెనడా మంచుకూ తట్టుకునేలా బ్యాటరీని తయారుచేయాలి.

సవాల్ 4: ఒక్క సెల్ నీరసిస్తే మొత్తం ప్యాక్‌కే దెబ్బ

బ్యాటరీ అంటే ఒకే ముక్క కాదు. రెండో తరం ప్రియస్‌లో 1.2 వోల్టుల నికెల్ సెల్స్ 168 వరుసగా కలిపి 201.6 వోల్టులు తెచ్చారు. వరుసగా కలిపినప్పుడు ఒకే కరెంట్ అన్నిటి గుండా వెళ్లాలి. జోడెద్దుల్లో ఒకటి కుంటితే బండి దాని నడకకే దిగినట్టు, ఒక సెల్ బలహీనపడితే మొత్తం ప్యాక్ దాని లెవెల్‌కే పడిపోతుంది.

ప్యాక్ మధ్యలో ఉన్న సెల్స్‌కు గాలి సరిగా తగలక అంచుల్లో ఉన్నవాటికంటే ఎక్కువ వేడెక్కే అవకాశం ఉంది. అవి ముందు ముసలివవుతాయి. అందుకే అన్ని సెల్స్‌నూ ఒకే టెంపరేచర్‌లో ఉంచడం డిజైనర్లకు పెద్ద పరీక్ష.

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో జరిగే మోసాలకు కూడా ఇక్కడే చోటు ఉంది. పాడైన ఒకటి రెండు మాడ్యూల్స్ తీసేసి, వేరే పాత కారు నుంచి తీసినవి పెడితే వార్నింగ్ లైట్ ఆరిపోతుంది. కానీ కొత్తగా పెట్టినవాటికీ, పాతవాటికీ పొంతన ఉండదు. కొన్నాళ్లకే ఇంకో మాడ్యూల్ పోతుంది.

సవాల్ 5: నికెలా? లిథియమా?

ఇన్నోవా హైక్రాస్‌లో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. హైరైడర్‌లో లిథియం అయాన్. రెండూ 2022లో పరిచయమైన టయోటా కార్లే! ఏది బెస్ట్ అన్నది తేలలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నికెల్ మెటల్ హైడ్రైడ్: లోపల ఉండే ద్రవం నీటితో కలిసిన క్షారం కాబట్టి మంటల భయం తక్కువ. కొంచెం ఎక్కువ ఛార్జ్ అయినా తట్టుకుంటుంది. మొరటు వాడకానికి ఓర్చుకుంటుంది. కానీ బరువు ఎక్కువ. వాడకుండా వదిలేస్తే తనంతట తానే ఛార్జ్ కోల్పోతుంది. లాంథనం లాంటి రేర్ ఎర్త్ లోహాలు కూడా కావాలి.

లిథియం అయాన్: తేలిక. 2015లో వచ్చిన నాలుగో తరం ప్రియస్‌లో ఈ రెండు రకాలూ వాడారు. లిథియం ప్యాక్ బరువు 24.5 కిలోలు, నికెల్ ప్యాక్ 40.3 కిలోలు. పని మాత్రం దాదాపు ఒకటే. కానీ లిథియంలో ప్రతి సెల్‌నూ నిఘాలో ఉంచాలి. ఓవర్ ఛార్జ్ అయినా, మితిమీరి వేడెక్కినా ప్రమాదం. ఆ ఎలక్ట్రానిక్స్ ఖర్చు అదనం.

లిథియం టైటనేట్: ఇది చాలా వేగంగా ఛార్జ్ అవుతుంది, చలికి భయపడదు, ఆయుష్షు ఎక్కువ. హైబ్రిడ్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. కానీ ఒక్కో సెల్ వోల్టేజ్ సుమారు 2.4 మాత్రమే. నిల్వ తక్కువ, ధర ఎక్కువ. మారుతీ మైల్డ్ హైబ్రిడ్లలోని చిన్న లిథియం బ్యాటరీల్లో వాడింది తోషిబా వారి ఈ టెక్నాలజీనే.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్: ఈవీల్లో ఇప్పుడు హవా దీనిదే. ధర తక్కువ, భద్రత ఎక్కువ. కానీ దీని వోల్టేజ్ మధ్యలో దాదాపు మారకుండా ఉంటుంది. ఎంత ఛార్జ్ ఉందో అంచనా వేయడం మరీ కష్టం. ఎప్పుడూ మధ్యలోనే తిరిగే హైబ్రిడ్‌కు ఇది పెద్ద తలనొప్పి.

1997 నుంచి ఇప్పటిదాకా.. మెల్లగానే ప్రయాణం

1997 డిసెంబర్‌లో జపాన్‌లో మొదటి ప్రియస్ అమ్మకాలు మొదలయ్యాయి. ఆ ప్రాజెక్టుకు చీఫ్ ఇంజనీర్ తకేషి ఉచియమాడ. టెస్టింగ్ దశలో ఆయన టీమ్‌ను ఎక్కువ ఏడిపించింది బ్యాటరీయే. మరీ వేడెక్కినా, మరీ చల్లబడినా మొరాయించేది. బ్యాటరీ సొంతంగా తయారుచేసుకోవాలని టయోటా 1996లోనే మత్సుషితాతో కలిసి ప్రత్యేకంగా కంపెనీ పెట్టింది. మత్సుషితా అంటే ఇప్పటి పానాసోనిక్.

మొదటి ప్రియస్‌లో టార్చ్ లైట్‌లో వేసే లావుపాటి డి సైజ్ సెల్ లాంటివి 240 ఉండేవి. 2000లో బల్లపరుపు సెల్స్ వచ్చాయి. 2003లో వచ్చిన రెండో తరంలో సెల్స్ 168కి తగ్గాయి. అంటే ఆరేళ్లలో సెల్స్ సంఖ్య 30 శాతం తగ్గింది.

ఆ తర్వాత చెప్పుకోదగ్గ మార్పు 2021లో వచ్చింది. జపాన్‌లో విడుదలైన కొత్త టయోటా ఆక్వాలో బైపోలార్ నికెల్ బ్యాటరీ పెట్టారు. ఒకే రేకుకు ఒక వైపు పాజిటివ్, రెండో వైపు నెగటివ్ పూత వేయడమే ఇందులో కిటుకు. కరెంట్ ప్రయాణించే దూరం తగ్గింది. ఒక్కో సెల్ పవర్ 1.5 రెట్లు, అదే చోటులో పట్టే సెల్స్ 1.4 రెట్లు పెరిగాయి. మొత్తం మీద పాత ఆక్వా బ్యాటరీ కంటే దాదాపు రెట్టింపు పవర్ వస్తుందని కంపెనీ ప్రకటించింది.

గమనించాల్సింది ఏంటంటే.. ఇక్కడ కెమిస్ట్రీ మారలేదు. పాత నికెలే. మార్చింది లోపలి అమరిక మాత్రమే. హైబ్రిడ్ బ్యాటరీల్లో ప్రోగ్రెస్ ఎక్కువగా ఇలాగే వస్తోంది.

సాలిడ్ స్టేట్ వస్తే అన్నీ తీరిపోతాయా?

సాలిడ్ స్టేట్ బ్యాటరీలో ద్రవం బదులు ఘన పదార్థం ఉంటుంది. వేగంగా ఛార్జ్ అవుతుందని, మంటల ముప్పు తక్కువని అంచనా. 2021 సెప్టెంబర్‌లో టయోటా ఈ బ్యాటరీలను ముందుగా హైబ్రిడ్లలో తెస్తామని చెప్పింది. 2023కి వచ్చేసరికి ప్లాన్ మారింది. ముందు ఈవీల్లో, 2027-28 నాటికి తెస్తామని ప్రకటించింది.

ఛార్జింగ్, డిశ్చార్జింగ్ జరిగే కొద్దీ లోపలి పదార్థం ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటుంది. ద్రవమైతే ఆ సందులు నింపేస్తుంది. ఘన పదార్థంలో పగుళ్లు వస్తాయి, కాంటాక్ట్ పోతుంది. సిగ్నల్ సిగ్నల్‌కూ ఛార్జ్ అయ్యే హైబ్రిడ్‌లో ఈ సమస్యను పరిష్కరించకుండా ముందుకెళ్లడం కుదరదు. కాబట్టి "సాలిడ్ స్టేట్ వచ్చాక కొందాంలే" అని హైబ్రిడ్ కొనడం వాయిదా వేసుకుంటే ఎదురుచూపులు చాలా కాలమే ఉండొచ్చు.

మన దగ్గర ఏం జరుగుతోంది?

బ్యాటరీ ధర తగ్గాలంటే సెల్స్ ఇక్కడే తయారవ్వాలి. గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో తోషిబా, డెన్సో, సుజుకీ కలిసి పెట్టిన ప్లాంట్ ఆ పని చేస్తోంది. 2025 ఆగస్టు 26న అక్కడ హైబ్రిడ్ బ్యాటరీ ఎలక్ట్రోడ్ల తయారీని ప్రధాని మోదీ ప్రారంభించారు. బ్యాటరీ విలువలో 80 శాతానికి పైగా దేశంలోనే తయారవుతుందని కేంద్రం చెప్పింది.

తెలంగాణలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి దగ్గర అమరరాజా గ్రూప్ గిగా ఫ్యాక్టరీ ప్రాజెక్టు చేపట్టింది. 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, 16 గిగావాట్ అవర్ల సెల్స్ తయారీ టార్గెట్‌గా ప్రకటించింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పదార్థాల మీద హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనలు చేస్తోంది.

అయితే ఒక మాట. ఈవీ కోసం చేసే సెల్ వేరు, హైబ్రిడ్ కోసం చేసే పవర్ సెల్ వేరు. గిగా ఫ్యాక్టరీలు వచ్చినంత మాత్రాన హైబ్రిడ్ బ్యాటరీ ధర దానంతట అదే తగ్గిపోదు. దానికి ప్రత్యేకంగా లైన్ కావాలి, అంత డిమాండ్ కూడా ఉండాలి.

డిమాండ్ దగ్గర ట్యాక్స్ అడ్డొస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీ ప్రకారం ఈవీలకు 5 శాతం. 4 మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోల్ హైబ్రిడ్లకు 18 శాతం. అంతకు మించితే 40 శాతం. గ్రాండ్ విటారా, హైరైడర్, హైక్రాస్, హోండా సిటీ అన్నీ 40 శాతంలోకే వస్తాయి.

హైబ్రిడ్ల తరఫున టయోటా ఒక వాదన వినిపిస్తోంది. ఒక లాంగ్ రేంజ్ ఈవీకి పట్టే ముడి సరుకుతో 6 ప్లగ్ ఇన్ హైబ్రిడ్లు లేదా 90 మామూలు హైబ్రిడ్లు చేయొచ్చని అంటోంది. అయితే హైబ్రిడ్ చివరికి పెట్రోల్ మీదే నడుస్తుందని, పొగ పూర్తిగా ఆగదని ఈవీ వర్గం చెప్తోంది. రెండింట్లోనూ నిజం ఉంది. చిన్న బ్యాటరీ ఎంత మెరుగైతే మొదటి వాదనకు అంత బలం.

కొనేవాళ్లు, ఇప్పటికే ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి

వారంటీ: టయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. ఏది ముందైతే అది. వేరే బ్రాండ్ అయితే బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో విడిగా అడగాలి. కారు వారంటీ, బ్యాటరీ వారంటీ ఒకటి కాదు.

రీప్లేస్‌మెంట్ ధర: కొనే రోజే సర్వీస్ సెంటర్‌లో ఈ రోజు ప్యాక్ ధర ఎంతో అడిగి రాయించుకుంటే మంచిది. ఎనిమిదేళ్ల తర్వాత అమ్ముదామా, ఉంచుకుందామా అన్న లెక్కకు అదే ఆధారం.

గాలి జాలీ: వెనుక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ మీద సామాన్లు, టవల్, సీట్ కవర్ పడకూడదు. సర్వీస్‌కు ఇచ్చినప్పుడు ఆ ఫిల్టర్ క్లీన్ చేశారో లేదో గుర్తుపెట్టుకుని అడగాలి. ఇంట్లో కుక్కలు, పిల్లులు కార్లో ఎక్కితే మరీ ముఖ్యం. వెంట్రుకలు వెళ్లి ఇరుక్కుంటాయి.

ఎండ, పార్కింగ్: వీలైతే నీడలో పెట్టాలి. ఎండలో ఉన్న కారు ఎక్కగానే కాసేపు అద్దాలు దించి వేడి గాలి పోనిచ్చి, తర్వాత ఏసీ వేసుకుంటే మనకూ హాయి, బ్యాటరీకీ హాయి.

నెలల తరబడి వదిలేయొద్దు: విదేశాలకు వెళ్తూ కారును అలాగే వదిలేస్తే పెద్ద బ్యాటరీతో పాటు చిన్న 12 వోల్టుల బ్యాటరీ కూడా దిగిపోతుంది. అది దిగితే చాలా హైబ్రిడ్లు స్టార్టే కావు. మధ్యమధ్యలో మాన్యువల్‌లో చెప్పినంత సేపు రెడీ మోడ్‌లో ఉంచమని ఇంట్లో వాళ్లకు చెప్పి వెళ్లాలి.

సెకండ్ హ్యాండ్ అయితే: అథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో హైబ్రిడ్ బ్యాటరీ హెల్త్ చెక్ చేయించకుండా డబ్బు కట్టొద్దు. సర్వీస్ హిస్టరీ చూడాలి. ప్యాక్ ఎప్పుడైనా విప్పారా అని అడగాలి. మిగిలిన వారంటీ కొత్త ఓనర్ పేరు మీదికి వస్తుందా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి.

వరదలో మునిగితే: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లు నీట మునిగినప్పుడు వాహనాల పరిస్థితి అందరూ చూశారు. మునిగిన హైబ్రిడ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చేయొద్దు. బ్యాటరీలో దాదాపు 200 వోల్టుల డీసీ ఉంటుంది. ఆరెంజ్ కలర్ వైర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి, టోయింగ్‌కు ఇవ్వడమే సేఫ్.

పాత బ్యాటరీ: 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. కాబట్టి తుక్కు షాపులో అమ్మే పని పెట్టుకోవద్దు.

చివరిగా..

హైబ్రిడ్ బ్యాటరీ ఎక్కడా ఒక్కసారిగా మారిపోయే వస్తువు కాదు. పవర్ పెంచితే నిల్వ తగ్గుతుంది, వాడకం పెంచితే ఆయుష్షు తగ్గుతుంది, బరువు తగ్గిస్తే నిఘా ఖర్చు పెరుగుతుంది. ఒకటి లాగితే ఇంకోటి జారుతుంది. అందుకే ఇక్కడ ప్రతి చిన్న మెరుగుదలకూ ఏళ్లు పడుతోంది.

అలాగని భయపడాల్సిన పని కూడా లేదు. బ్యాటరీని మధ్యలోనే తిప్పుతూ, జాగ్రత్తగా వాడేలా కంపెనీలు చేసిన డిజైన్ వల్లే ఎనిమిదేళ్ల వారంటీ సాధ్యమవుతోంది. మిగతా సగం కారు నడిపేవాళ్ల చేతిలో ఉంది. వారంటీ పేపర్ భద్రంగా ఉండాలి, గాలి జాలీ శుభ్రంగా ఉండాలి. ఈ రెండూ చూసుకుంటే షోరూమ్‌లో వచ్చిన ఆ డౌట్‌కు సగం జవాబు దొరికినట్టే.